మస్కట్ గదికి పంపిన బడి ముచ్చట్లు

మొన్న జగిత్యాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు శిక్షణ పెట్టారు. రిటైరైనవాళ్లు కూడా ఒకరుంటే బాగుంటుందని నన్ను పిలిచారు. మైకు చేతికిస్తే తిరిగివ్వనని మా ఇంట్లో నాకు పేరుంది. అయినా వెళ్లాను. టీ తాగేటప్పుడు ఒక అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది.

"మేడం, మీటింగ్ పెడితే తల్లిదండ్రులు వస్తలేరు. గ్రూపుల మెసేజ్ పెడితే చూసి ఊకుంటున్నరు. పిల్లల చదువు మీద వాళ్లకు పట్టింపే లేదు," అంది.

ఆ చివరి మాట నాకు కోపం తెప్పించింది. పైకి నవ్వాను గానీ లోపల కోపమే. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరం అనే మాటే అది. కొందరు రిటైరయ్యేదాకా అంటూనే ఉంటారు. అక్కడే జవాబు చెబుదామంటే ఆమె టీ చల్లారిపోతుంది, నా కథ మాత్రం పూర్తికాదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. నాకు ప్రమోషను ఎప్పుడొచ్చింది, ఎవరు ఆపారు, ఏ ఫైలు ఎక్కడ ఇరుక్కుంది, ఇవేమీ ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్రొస్తుంది.

సాంచాల మధ్య

నా మొదటి ఉద్యోగం సిరిసిల్లలో. బడి చుట్టూ మరమగ్గాలే. అక్కడ వాటిని సాంచాలు అంటారు. తంగళ్ళపల్లి నుంచి పొద్దున్నే సైకిళ్ల మీద మగవాళ్లు పనికొచ్చేవాళ్లు. ఇళ్లలో ఆడవాళ్లు కండెలకు దారం చుట్టేవాళ్లు. నా తరగతిలో పిల్లల్ని పాఠం చదవమంటే గొంతు చించుకునేవాళ్లు. పక్క తరగతి సార్ కిటికీ మూసుకునేవాడు. "నేనేమన్నా చెవిటిదాన్నా?" అని రోజూ కోప్పడేదాన్ని.

ఒకసారి జ్వరమొచ్చిన ఒక పిల్లను ఇంటి దగ్గర దించడానికి వెళ్లాను. ముందు గదిలోనే సాంచాలు ఆడుతున్నాయి. వాళ్లమ్మ కండెలు చుడుతూనే నాతో మాట్లాడింది. ఆమె మాట నాకు వినపడలేదు, నా మాట ఆమెకు వినపడలేదు. ఇద్దరం అరుచుకున్నాం. బయటికొచ్చేసరికి నా గొంతే బొంగురుపోయింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల మెల్లగా ఎట్లా చదువుతుంది? ఆ పూట నుంచి అరవొద్దని చెప్పడం మానేశాను. చదువుతున్నారు, అది చాలనుకున్నాను.

ఆ తల్లిని మీటింగుకు రమ్మన్నాను. "సాంచె ఆపి రమ్మంటవా మేడం?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు బట్టకు గిరాకీ పడిపోయి సాంచాలు ఆగిపోయాయి. ఇల్లు గడవక కుటుంబాలు భీవండి, సూరత్ దారి పట్టాయి. అప్పుడు తీరిక దొరికింది గానీ మీటింగుకు రావడానికి ఆ వీధిలో మనుషులు మిగల్లేదు.

చదువు మీద పట్టింపు లేని తల్లిదండ్రులు అసలు లేరని నేననను. ఒకరిద్దరిని చూశాను. వాళ్లు కాస్త కలిగినవాళ్లే.

యాదగిరి సార్ ఆలోచన

తర్వాత కోరుట్ల దగ్గరి ఒక పల్లెకు బదిలీ అయింది. ఏడో తరగతి దాకా ఉన్న బడి. హాజరు పట్టీలో ప్రతి పిల్లకూ తండ్రి పేరుండేది, ఊళ్లో మాత్రం తండ్రి ఉండేవాడు కాదు. దుబాయ్, మస్కట్, సౌదీ. వానలు లేక పొలాలు బీడు పడ్డాయి. బోరు వేసినవాడు, వెయ్యనివాడు అందరూ ఒకే విమానం ఎక్కారు. ఊళ్లో ఏ అరుగు చూసినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనపడేవాళ్లు.

మా హెడ్మాస్టరు యాదగిరి సార్. నేను చాలామంది హెడ్మాస్టర్ల కింద పనిచేశాను. కొందరికి బడి అంటే పొద్దున తాళం తీసి సాయంత్రం వేసేది. ఈయన అట్లా కాదు. మనసు మంచిది. కానీ ఒక ఆలోచన తలకెక్కిందంటే దిగేది కాదు, మమ్మల్ని కూర్చోనిచ్చేది కాదు.

అవి టేప్ రికార్డర్ల రోజులు. గల్ఫ్‌కు పోయినవాళ్లు మాటలన్నీ క్యాసెట్లో నింపి, సెలవు మీద ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చుని వినేవాళ్లు. వింటూ ఏడ్చేవాళ్లు, మధ్యలో జవాబులు కూడా చెప్పేవాళ్లు. ఇది చూసి యాదగిరి సార్‌కు ఆలోచన వచ్చింది.

"తండ్రులు మీటింగుకు రాకుంటే, మీటింగే తండ్రుల దగ్గరికి పోవాలె మేడం," అన్నాడు.

అట్లా మా బడి క్యాసెట్ మొదలైంది. తండ్రులు బయట ఉన్న పిల్లలతో మాట్లాడించి, బడి సంగతులు కలిపి, తిరిగి వెళ్లేవాళ్ల చేతికిచ్చేవాళ్లం. మొదటి క్యాసెట్‌కు పిల్లలందరికీ ఒకటే పాఠం బట్టీ పట్టించాం. "పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు. నేనిక్కడ క్షేమము" అని ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు. సెలవు మీద వచ్చిన ఒకతను దాని సంగతి చెప్పాడు.

"సార్, మా పిల్లలు రేడియోల వార్తలు సదివినట్టు సదివిండ్రు. అండ్ల నా కొడుకు ఎవ్వడో నాకే గుర్తువట్టరాలే."

మేం సిగ్గుపడ్డాం, నవ్వుకున్నాం కూడా. తర్వాత నుంచి పిల్లల్ని ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమన్నాం. బర్రె ఈనింది, ఇంటి పెంకులు జారాయి, తాతకు దగ్గు తగ్గలేదు, నాకు లెక్కల్లో ఎక్కువొచ్చాయి, తమ్ముడికి రాలేదు. ఇట్లా ఏది తోస్తే అది చెప్పేవాళ్లు. మస్కట్‌లో ఒక గదిలో మా చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లంతా కలిసి ఉండేవాళ్లు. మా క్యాసెట్ వచ్చిందంటే ఆ పూట వంట కూడా ఆలస్యమయ్యేదట.

పదిమందిలో పడ్డ మాట

మమత అప్పుడు ఏడో తరగతి. వాళ్ల నాన్న నర్సయ్య కల్లు గీసేవాడు. చెరువు ఎండిపోయి, తాటిచెట్లలో కల్లు తగ్గిపోయాక మస్కట్‌లో బిల్డింగు పనికి పోయాడు. తల్లి రాజవ్వ బీడీలు చుట్టేది. మా బడిలో మమత అంత బాగా చదివే పిల్ల ఇంకొకరు లేరు. పాఠంలో ముసలాయన మాట వస్తే ముసలాయనలాగే చదివేది.

ఆ ఏడు మమత రావడం తగ్గింది. వారంలో సగం రోజులు కనపడేది కాదు. బీడీ చుట్టినంత మాత్రాన పని అయిపోదు, కొస మడిచి మూతి ఒత్తాలి. చాలా ఇళ్లలో అది ఆడపిల్లల పని. ఇచ్చిన ఆకుకు సరిపడా బీడీలు సాయంత్రానికి కార్ఖానాలో అప్పజెప్పాలి. తక్కువ పడితే పని ఇచ్చే కార్డు తీసేస్తారని భయం. రాజవ్వ వేళ్లు నొప్పులతో వంగడం లేదు. అందుకే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ నెల క్యాసెట్లో యాదగిరి సార్ తానే మాట్లాడాడు. పంట సంగతి, బడి కొత్త గది సంగతి చెప్పి, చివర్లో, "నర్సయ్య బిడ్డ మమత బడికి సరిగ వస్తలేదు. ఇంట్ల బీడీలకు కూసోవెడుతున్నరు. ఏడో తరగతి పరీక్ష దగ్గరికొచ్చింది. తండ్రి జర పట్టించుకోవాలె," అన్నాడు.

మాట తప్పు కాదు. మీటింగులో ఎదురుగా ఉన్న తండ్రికి పక్కకు పిలిచి చెప్పే మాటే. కానీ ఆ క్యాసెట్‌ను నర్సయ్య ఒక్కడే వినడని మాకెవరికీ తట్టలేదు. ఎండలో పనిచేసి వచ్చి మంచాల మీద వాలిన మగవాళ్లంతా విన్నారు. అందులో ఒకడు, "ఏందే నర్సన్నా, నువ్వీడ, పోరి ఆడ, ఇద్దరు కూలేనా?" అన్నాడట. నవ్వులాటకే అన్నాడేమో. నర్సయ్య లేచి బయటికి పోయాడు. మా ఊళ్లో ఫోనున్న కిరాణా దుకాణానికి ఫోన్ చేసి రాజవ్వను పిలిపించాడు.

"పదిమందిల నా ఇజ్జత్ తీసిండ్రు. గా బడి వద్దు, గా సదువు వద్దు. రేపటికెల్లి పోరి ఇల్లు కదలొద్దు," అని పెట్టేశాడు.

అంతే. సగం రోజులు వచ్చే పిల్ల పూర్తిగా మానేసింది. ఏడో తరగతి పరీక్ష రాయకపోతే ఆ రోజుల్లో హైస్కూలు గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. ఈ ఏడు ఆగిందంటే మమత చదువు ఆగినట్టేనని మా అందరికీ తెలుసు. ఒకసారి చాట ఒళ్లోకి వచ్చిన ఆడపిల్ల మళ్లీ పలక పట్టడం నేను ఆ ఊళ్లో చూడలేదు.

సంగతి తెలిసి యాదగిరి సార్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను మంచే చెప్పిన గద మేడం," అన్నాడు.

"మంచే చెప్పిండ్రు సార్. అందరు వినంగ చెప్పిండ్రు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయనే నా దగ్గరికొచ్చి, "నువ్వు పోయి చూడమ్మా. నేను పోతే ఇంకింత బిగుస్తది," అన్నాడు.

కొత్త టీచర్లకు ఇక్కడొక మాట. మెచ్చుకునేది పదిమందిలో మెచ్చుకోండి, తప్పు చెప్పేది చెవిలో చెప్పండి. మీరిప్పుడు రాని పిల్లల పేర్లు, తక్కువ మార్కులు గ్రూపులో పెడుతున్నారు. యాదగిరి సార్ ఒక గదికి చెప్పాడు, మీరు ఊరంతటికీ చెబుతున్నారు. తర్వాత ఆ తల్లి మీటింగుకు రాలేదని బాధపడితే ఏం లాభం?

అరుగు మీద చదువు

నేను వెళ్లేసరికి రాజవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. వెనక గోడకు ఆనుకుని మమత మూతులు ఒత్తుతోంది. నన్ను చూసి తల వంచుకుంది. రాజవ్వ లేవలేదు, చేతులు ఆపలేదు. పీట మాత్రం కాలితో నా వైపు జరిపింది.

"బిడ్డ సదువద్దని నేనంటనా మేడం? ఆయన వద్దన్నడు. ఆడ ఎండల మాడుతున్న మనిషి. నేను ఎదురు జెప్తే బువ్వ గూడ తినడు."

"మరి పరీక్ష ఎట్ల రాజవ్వా?"

"రాసి ఏంజేస్తది తీయి," అంది. అంటూ మొహం పక్కకు తిప్పుకుంది. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

చదువు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వొచ్చు. అది వింటూ ఆమె ఇంకో కట్ట చుట్టేస్తుంది, అంతకన్నా ఏమీ జరగదు. గూట్లో ఉన్న మమత తెలుగు పుస్తకం తీసి, ఆకుల గంపకు ఆనించి ఆమె ముందు పెట్టాను. "పని ఆపకు. ఒత్తుకుంటనే చదువు," అన్నాను. బడికి పోవద్దని నర్సయ్య అన్నాడు గానీ, అరుగు మీద చదవొద్దని అనలేదు కదా.

అది ఒక పడవ ముసలాయన కథ. ఏరు పొంగింది, అవతలి ఒడ్డున ఒక పసిబిడ్డకు ప్రాణం మీదికొచ్చింది, వైద్యుణ్ణి దాటించాలి. మమత చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి పక్కింటి ఆడవాళ్లు తమ చాటలు పట్టుకుని దగ్గరికి జరిగారు. ఎవరూ రమ్మనలేదు.

ఒకచోట రాజవ్వ, "ఆగు. వైద్యుడు ఇంకా ఇంట్లనే ఉండె గద, పడవల ఎప్పుడెక్కిండు?" అంది. మమత వెనక్కి చూసుకుంది. ఒక వాక్యం వదిలేసింది. తరగతిలో అయితే నేను వాక్యం వదిలిందని కూడా గమనించేదాన్ని కాదేమో. నలుగురు పిల్లలు గొడవ చేస్తుంటే వాళ్లనే చూసేదాన్ని.

మాకు చదువు రాదు, పిల్లల్ని ఎట్లా చదివించాలి అని తల్లులు మిమ్మల్ని అడుగుతారు. వినమనండి. పని చేసుకుంటూనే వినమనండి. తర్వాత ఏమైందని అడగమనండి. అర్థం కాకపోతే మళ్లీ చదవమని చెప్పమనండి. దీనికి అక్షరం అక్కర్లేదు, పని మానుకోనూ అక్కర్లేదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న దాంట్లో సగం ఇదే.

ఆ తర్వాత రోజూ బడి విడిచాక ఆ అరుగు మీదికి పోయేదాన్ని. లెక్కలు కూడా అక్కడే చెప్పాను. పొగాకు ఘాటుకు తుమ్ములొచ్చేవి. మా ఇంట్లో, "బడికి పోయినవా, బీడీలకు పోయినవా?" అని ఆటపట్టించేవాళ్లు. కానీ నేనెంత చెప్పినా పరీక్షకు పంపుతానని రాజవ్వ నోటి నుంచి మాట రాలేదు.

రాజవ్వ మాట

మస్కట్‌కు తిరిగి వెళ్లేవాళ్లు ఉన్నారని తెలిసి ఆ నెల క్యాసెట్ సిద్ధం చేయాల్సి వచ్చింది. టేప్ రికార్డరును అరుగు మీదికే తీసుకుపోయాను. మమత అదే కథ మొదటి నుంచి చదివింది. ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడు, కోళ్ల అరుపులు, ఆడవాళ్ల దగ్గు అన్నీ అందులో పడ్డాయి. కథ ఏటి మధ్యకు వచ్చింది. తెడ్డు విరిగింది.

"జర ఆపు," అంది రాజవ్వ.

నేను మిషను ఆపబోయాను. "అది గాదు మేడం. పోరిని ఆపుమన్న," అంది. మిగతా ఆడవాళ్లు భర్తలతో క్యాసెట్లో ఎన్నోసార్లు మాట్లాడారు గానీ, ఈమె ఎప్పుడూ మాట్లాడలేదు. నాకేం మాటలొస్తాయని తప్పించుకునేది. ఇప్పుడు ఒళ్లో చాటతోనే మిషను మీదికి వంగింది.

"ఇన్నవా? గిది నీ బిడ్డ సదువుడు. నేను రోజు ఇంటున్న. నువ్వు వద్దన్నవని బడికి పంపలే. పదిమందిల నిన్ను తక్కువ జేసిండ్రు, నాకెరుకే. నాకు గూడ కడుపు కాలింది. గని పోరి ఏం తప్పు జేసింది? దాన్ని పరీక్షకు పంపుత. కోపమైతే నా మీద గా. దాని మీద గాకు."

క్యాసెట్ ఆ వైపు అయిపోయి టక్కున ఆగింది.

"చెరిపేసి మళ్లీ చెప్తవా రాజవ్వా?" అని అడిగాను.

"ఉండనియ్యి. ఇంకోపారి జెప్ప నాతోని గాదు," అంది. అంటూనే ఇంకో ఆకు తీసుకుంది.

బడిలో యాదగిరి సార్ అదంతా విన్నాడు. విని, రెండో వైపు తిప్పి, రికార్డు బటన్ తానే నొక్కాడు. "నర్సయ్యా, నీ ఇంటి సంగతి పదిమందిల మాట్లాడుడు నాదే తప్పు. గీ మాట గూడ పదిమందిల్నే చెప్తున్న. అందరు వినుండ్రి," అన్నాడు. హెడ్మాస్టరు ఒక గీత కార్మికుడికి తప్పైందని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆయన మీద నాకు ఎన్నో కోపాలుండేవి. ఆ రోజుతో చాలావరకు పోయాయి.

తిరుగు క్యాసెట్

క్యాసెట్ వెళ్లింది. జవాబు రాలేదు. నర్సయ్య అప్పుడప్పుడూ చేసే ఫోన్ కూడా మానేశాడు. పరీక్ష దగ్గరికొస్తోంది. మొగుడికే ఎదురు చెప్పిందని ఊళ్లో రాజవ్వను తలా ఒక మాట అన్నారు. ఆమె అత్త ఆమెతో మాట్లాడడం లేదు. ఒకరోజు అరుగు మీద ఎవరూ లేనప్పుడు, "నేను గట్ల అనకపోవాల్సిందా మేడం? ఆడ ఆయన ఎట్లున్నడో," అని కళ్లు తుడుచుకుంది. నేను ధైర్యం చెప్పాను గానీ, నాకూ భయంగానే ఉంది. ఆడవాళ్లు మాట మీద నిలబడాలని పుస్తకాల్లో చెప్పడం తేలిక. ఆ ఇంట్లో కాపురం చేయాల్సింది ఆమె, నేను కాదు.

పక్క ఊరతను సెలవు మీద వచ్చి క్యాసెట్ ఇచ్చి పోయాడని ఒక సాయంత్రం కబురొచ్చింది. నేను వెళ్లేసరికి అరుగు నిండా ఆడవాళ్లు. అత్త కూడా గడప దగ్గర కూర్చుని ఉంది. రాజవ్వకు ఒక్కతే వినే ధైర్యం చాలలేదు. మమత బటన్ నొక్కింది.

నర్సయ్య గొంతు మామూలుగానే ఉంది. అందరూ బాగున్నారా అన్నాడు. తల్లి మోకాళ్ల నొప్పి అడిగాడు. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. ఇంటి పెంకులు వానలకు ముందే సర్దించమన్నాడు. బడి మాట లేదు, పరీక్ష మాట లేదు, రాజవ్వ అన్నదానికి జవాబు లేదు. రాజవ్వ చేతులు ఆగిపోయాయి. అరుగు మీద ఆ చేతులు ఖాళీగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

క్యాసెట్లో వెనక నుంచి ఎవరో "అడుగు, అడుగు" అంటున్నారు. నర్సయ్య దగ్గాడు.

"మమతా, బిడ్డా. గా పడవ ముచ్చట నడుమల ఆపితిరి. ఈడ అందరు నా పానం తింటున్నరు, గా ముసలోడు ఒడ్డుకు అచ్చిండా లేదా అని. నాకేమెరుక? మల్లచ్చే క్యాసెట్ల పూరా సదివి పంపు. బడికివోయి మంచిగ నేర్సుకొని సదువు. తప్పులు సదివితే ఈడ నవ్వుతరు. మీ అవ్వను గూడ మాట్లాడుమను. దాని గొంతు ఇనక శానా దినాలాయె."

క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది గానీ అందులో మాటలు లేవు. రాజవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకేం జెప్తడు మేడం. గట్లనే జెప్తడు," అంది.

మమత పుస్తకం తెచ్చి పేజీలు తిప్పింది. కంగారులో ఆ చోటు దొరకలేదు. "ఏడ ఆపిన అవ్వా?" అని అడిగింది.

రాజవ్వ కొంగు తీయకుండానే చెప్పింది. "తెడ్డు ఇరిగింది. పడవ నడి ఏట్ల ఉన్నది. ఆడికెల్లి సదువు."